పొద్దున బయలుదేరి, దీపాల వేళకు ఇంటికి

మా జంగారెడ్డిగూడేనికి రైలు లేదు. ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో, రాజమహేంద్రవరంలోనో దిగి, బస్సెక్కి, పొగాకు చేలూ పామాయిలు తోటలూ దాటుకుంటూ రావాలి. ఇంత శ్రమపడి వచ్చిన చుట్టాలు మొదటి రోజంతా యోగక్షేమాలు మాట్లాడతారు. రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక కునుకు తీస్తారు. మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇక్కడ చూడటానికేమైనా వున్నదా అండీ?" అని అడుగుతారు. ఆ అడగడంలోనే "ఏముంటుందిలే" అనే జవాబు కూడా కలిసి వుంటుంది.

నేను ఇక్కడి కాలేజీలో తెలుగు చెబుతాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు మా పిల్లలను వెంటబెట్టుకొని చుట్టుపక్కల తిరగడం నాకు అలవాటు. ఆ తిరుగుళ్లలో తెలిసివచ్చిన సంగతి ఒకటి వుంది. మా వూరు చూడవలసిన వూరు కాకపోవచ్చును గాని, చూడవలసినవాటి నడుమ కూర్చున్న వూరు. తూర్పున గోదావరి. ఉత్తరాన అడవి. దక్షిణాన చిన్న తిరుపతి. నైరుతి దిక్కున రెండువేల ఏళ్లనాటి గుహలు. వీటిలో దేనికి వెళ్లినా పొద్దున బయలుదేరితే దీపాల వేళకు ఇల్లు చేరవచ్చు. పెద్ద ఖర్చూ లేదు, పెట్టెలు సర్దే పనీ లేదు.

దూరదేశాలలో ఈ ఒక్కరోజు ప్రయాణాలనే పెద్ద వ్యాపారంగా చేసుకొన్నారు. కరిబియన్ ప్రాంతంలో బార్బడోస్, సెయింట్ లూసియా వంటి చిన్న చిన్న దీవులున్నాయి. పొద్దున ఓడ వచ్చి రేవులో ఆగుతుంది. యాత్రికులు దిగి, ఒక కొండో, ఒక పాత కోటో, ఒక తోటో చూచి సాయంత్రానికి మళ్లీ ఓడ ఎక్కేస్తారు. ఆ ఒక్కపూటలో వచ్చినవారికి తృప్తి కలగాలి, వూరివారికి నాలుగు డబ్బులు రావాలి, చూచిన చోటు చెడిపోకుండా మిగలాలి. ఈ మూడూ ఒకచోట కుదరడం అక్కడైనా కష్టమే, ఇక్కడైనా కష్టమే. మా వూరి చుట్టూ తిప్పి చూపేటప్పుడు ఆ మాట కూడా మనసులో పెట్టుకొని చెబుతాను.

ఒక్కపూట తీరిక వుంటే

మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతామనే చుట్టాలకు గురవాయిగూడెం చాలు. వూరికి దగ్గరే. ఎర్రకాలువ ఒడ్డున మద్ది ఆంజనేయస్వామి ఆలయం వున్నది. మద్ది అంటే సంస్కృతంలో అర్జునవృక్షం. పెద్ద తెల్లమద్ది చెట్టు మొదట్లో స్వామి వెలసినాడు. గుడి ఎంత పెరిగినా గర్భాలయం మీద శిఖరం కట్టలేదు. చెట్టే శిఖరం. మంగళవారాలు జనం కిటకిటలాడతారు కనుక, చంటిపిల్లలున్నవారు వేరే రోజు చూచుకోవడం మంచిది. వూళ్లోనే పారిజాతగిరి మీద వేంకటేశ్వరస్వామి వున్నాడు. పొద్దున్నే అక్కడికి మెట్లెక్కితే వూరంతా ఒక్కచూపులో కనిపిస్తుంది.

ఎర్రకాలువ పేరు విని అదేదో ఇంజనీర్లు తవ్వించిన కాలువ అనుకొంటారు కొత్తవారు. పేరుకే కాలువ. నిజానికి అది మన్యపు కొండల్లో పుట్టిన ఏరు. వానాకాలంలో ఎర్రమట్టి కలుపుకొని ఉరవడిగా దిగి, కిందనున్న వరిచేలను ఎన్నోసార్లు ముంచింది. కొంగవారిగూడెం దగ్గర దానికి ఆనకట్ట వేసి జలాశయం చేశారు. సాయంత్రంపూట గట్టు మీద నిలబడితే చల్లని గాలి, దూరంగా నీలం కొండలు. పిల్లలను మాత్రం నీళ్లలోకి దిగనివ్వకండి. ఒడ్డున ఎంత నెమ్మదిగా కనిపించినా లోపల లోతు తెలియదు.

దారిలో కనిపించే పొలాలను కూడా చుట్టాలకు చూపించవచ్చు. ఈ తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు బాగా పండుతుంది. పొలాల నడుమ చిమ్నీలు లేచిన ఎత్తైన గదులు కనబడితే, అవి పొగాకు బ్యారన్లు. పచ్చి ఆకును కర్రలకు గుచ్చి, లోపల వేలాడదీసి, రోజుల తరబడి వేడి పెడతారు. ఆకు బంగారు రంగు తిరుగుతుంది. ఆకు కాలే రోజుల్లో ఆ ఘాటు వాసన రోడ్డు మీదికి కూడా వస్తుంది. ఆ తర్వాత వేలం కేంద్రాలలో బేళ్ల మధ్య రైతుల ముఖాలు చూస్తే, ధర పలికిందో లేదో ఎవరినీ అడగనక్కరలేదు.

రాతికి వాసాలు

ఒక రోజంతా వున్నవారికి నేను మొదట చెప్పేది గుంటుపల్లి. కామవరపుకోట దాటి జీలకర్రగూడెం చేరాలి. గుంటుపల్లి గుహలని పేరేగాని గుహలు వున్నది జీలకర్రగూడెం కొండమీద. కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో వున్నది.

క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటికే ఇక్కడ బౌద్ధభిక్షువులు నివసించారు. వానాకాలంలో మూడు నెలలు తిరుగుడు మాని ఒకచోట వుండాలనేది వారి నియమం. అందుకు కొండను తొలిచి గదులు చేసుకొన్నారు. ఆ గదుల వాకిళ్ల పైన గుర్రపునాడా ఆకారంలో కమానులు చెక్కివుంటాయి. ఇంకాస్త పైకి వెళితే అరుగుల మీద చిన్నా పెద్దా స్తూపాలు, ఇటుకల కట్టడాలు, విరిగిన మండపపు స్తంభాలు. ఆ స్తంభాల మీద శాసనాలున్నాయి. కళింగ, మహిషక దేశాలకు అధిపతిగా చెప్పుకొన్న మహామేఘవాహన వంశపు సిరిసద అనే రాజు పేరు అలాంటి ఒక శాసనం వల్లనే మనకు తెలిసింది.

అన్నిటికన్న గొప్పది వర్తులాకారపు చైత్యగృహం. కొండలోనే గుండ్రని గది తొలిచి, మధ్య స్తూపం నిలిపి, చుట్టూ ప్రదక్షిణకు దారి వదిలారు. తల పైకెత్తి చూడండి. కప్పు గొడుగులా వున్నది. ఆ గొడుగుకు వాసాలున్నాయి. పూరింటి కప్పులో వుండే కర్రవాసాల వంటివే, కాని అన్నీ రాతివే. బీహారులో బరాబర్ కొండల గుహలకు దీనికి చుట్టరికం వున్నదని చరిత్రకారులు చెబుతారు. మహారాష్ట్రలో కార్లే చైత్యానికి నిజమైన కర్రకమానులే అమర్చారు. ఇక్కడివారు ఆ కర్రను కూడా రాతిలోనే చెక్కేశారు.

మూడేళ్ల కిందట మా బి.ఏ. పిల్లలను తీసుకువెళ్లినప్పుడు ఒక కుర్రవాడు చాలాసేపు ఆ కప్పుకేసి చూచి అడిగాడు: "మాస్టారూ, కొండంతా ఒకటే రాయి కదండీ. కప్పు దానంతటదే నిలబడుతుంది. మరి వాసాలెందుకండీ?"

మంచి ప్రశ్న. ఆ వాసాలు దేనినీ మోయడం లేదు. అంతకు ముందు కర్రతో, వెదురుతో కట్టిన చైత్యాలను చూచిన కళ్లకు వాసాలు లేని కప్పు కప్పులా తోచలేదు. అవసరం పోయింది, అలవాటు మిగిలింది. "నీ సెల్‌ఫోను మాట్లాడటమయ్యాక ఏమంటావు?" అని అడిగాను. "పెట్టేస్తున్నాను అంటానండీ." "ఎక్కడ పెడతావు?" జేబు తడుముకొని నవ్వాడు. రిసీవరును తీసి, మాట్లాడి, తిరిగి దాని గూట్లో పెట్టిన కాలం పోయింది. మాటలో ఆ వాసం మిగిలిపోయింది. మా వూరికి పురపాలక సంఘం వచ్చింది, నాలుగు వైపులకూ బస్సులు వచ్చాయి. పేరులో గూడెం అలాగే వున్నది. ఈ ప్రాంతాన జీలకర్రగూడెం, గురవాయిగూడెం, బుట్టాయిగూడెం, కొయ్యలగూడెం అని ఎటు చూచినా గూడేలే. అన్నీ ఒకప్పుడు అడవి అంచున నాలుగు గుడిసెలుగా మొదలయినవే.

ఈ చైత్యంలోని స్తూపాన్ని వూరివారు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. చరిత్ర చదివినవారికి ఇది వింతగా తోచవచ్చు. నాకు మాత్రం ఇన్ని శతాబ్దాలు ఈ రాతి ముందు దీపం పెట్టినవారే దీనిని కాపాడినట్లు కనిపిస్తుంది. పాడుచేసేది దీపం పెట్టేవారు కారు. బొగ్గుతోనూ మేకుతోనూ గోడ మీద తమ పేరూ, తమకు నచ్చిన అమ్మాయి పేరూ రాసి, నడుమ హృదయం బొమ్మ వేసేవారు. రాజు సిరిసద పేరు ఇక్కడ చెక్కివున్నదంటే అది ఒక దానాన్ని చెప్పే శాసనంలో చెక్కినది. ఈ కుర్రవారు చేసిన దానమేమిటో తెలియదు!

గుంటుపల్లిలో తొందర పనికిరాదు. పొద్దున తొమ్మిది లోపల కొండ ఎక్కితే ఎండ ముదరక ముందే అన్నీ చూచి, చెట్టు కింద పులిహోర, దద్దోజనం కట్టలు విప్పుకోవచ్చు. కోతులుంటాయి, జాగ్రత్త. తిరుగుప్రయాణంలో ద్వారకాతిరుమల చూచి రావచ్చు.

ద్వారకాతిరుమలను గురించి ఆంధ్రదేశంలో తెలియనివారుండరు. ద్వారకుడనే ముని తపస్సు వలన స్వామి ఇక్కడ వెలసినాడని స్థలపురాణం. ఒకే విమానం కింద ఇద్దరు మూలవిరాట్టులుండడం ఇక్కడి ప్రత్యేకత. వెనుకనున్న స్వయంభూమూర్తికి నడుము పైభాగమే కనిపిస్తుంది. పాదసేవ లేకపోతే ఎలాగని రామానుజాచార్యులవారు పూర్ణవిగ్రహాన్ని ముందు ప్రతిష్ఠించారని చెబుతారు. అందువల్లనే ఏడాదికి రెండు కల్యాణాలు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. పెద్ద తిరుపతి మొక్కు ఇక్కడ తీర్చుకోవచ్చును గాని, ఇక్కడి మొక్కు అక్కడ తీర్చుకోరాదని మా వైపు ఆడవారి మాట. ఈ లెక్క ఎవరు కట్టారో కాని, చిన్నవాడి బాకీ పెద్దవాడికి చెల్లించకూడదనే న్యాయం నాకు నచ్చింది.

గోదావరి నడుమ గుడి

చుట్టాలలో నీళ్లంటే ఇష్టమున్నవారుంటే పట్టిసం తీసుకువెళతాను. కొయ్యలగూడెం మీదుగా పోలవరం వైపు గంట, గంటన్నర ప్రయాణం. పట్టిసీమ రేవులో పడవ ఎక్కితే, గోదావరి నడుమ దేవకూట పర్వతం అనే చిన్న కొండ. దాని మీద వీరభద్రస్వామి ఆలయం. కరిబియన్ దాకా పోనక్కరలేదు, మనకూ ఒక దీవి వున్నది.

దక్షయజ్ఞం నాడు వీరభద్రుడు పట్టిసం అనే ఆయుధంతో దక్షుని తల నరికి, ఆ ఆయుధాన్ని ఇక్కడ గోదావరిలో కడిగాడట. అందుకు ఈ చోటు పట్టిసం అయింది. పక్కనే భావనారాయణస్వామి క్షేత్రపాలకుడుగా వున్నాడు. శివుడూ విష్ణువూ ఒకే కొండమీద ఇరుగూ పొరుగూ. మహాశివరాత్రికి ఇక్కడ జరిగే తిరునాళ్లకు రెండు జిల్లాల జనం వస్తారు. ఆ రోజు చూడాలనుకొనేవారు పిల్లలనూ ముసలివారినీ ఇంటి దగ్గర వదలి వెళ్లడం మేలు. గుడిని తీరికగా చూడాలనుకొంటే మామూలు రోజు ఉదయం వెళ్లాలి. మెట్ల మీద కూర్చుంటే మూడు వైపుల నీరు, ఎదుట కొండల వరుస. ఎండాకాలంలో ఇసుకతిన్నెలు బయటపడి నది పాయలు పాయలుగా చీలుతుంది. అప్పుడు ఆ అందం వేరు.

అదే రేవు నుంచి మరొక దృశ్యం కూడా కనబడుతుంది. పట్టిసీమ ఎత్తిపోతల పథకం 2015లో మొదలయింది. 24 పంపులు గోదావరి నీటిని తోడి, పోలవరం కుడికాలువలో పోస్తాయి. ఆ నీరు విజయవాడ ఎగువన కృష్ణలో కలుస్తుంది. అన్ని పంపులూ తిరిగితే సెకనుకు 8,500 ఘనపుటడుగుల నీరు. వరదకాలంలో సముద్రం పాలయ్యే నీటిని కృష్ణా డెల్టాకు అందించడం దీని ఉద్దేశం. ఒకవైపు దక్షుని యజ్ఞం కథ, మరోవైపు పంపుల హోరు. రెండింటినీ ఒకే చోట నిలబడి చూడగలిగిన రేవు మరొకటి నాకు తెలియదు.

కొంచెం ఎగువన పోలవరం ఆనకట్ట. అనుమతి దొరికితే దాన్ని కూడా చూడవచ్చు. 1940 దశకంలో రామపాద సాగరమనే పేరుతో మొదలయిన ఆలోచన ఇది. శంకుస్థాపన 1980 దశకం తొలినాళ్లలో జరిగింది. పనులు ఊపందుకొన్నది మరి ఇరవై అయిదేళ్లకు. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. 48 గేట్ల స్పిల్‌వే కట్టి, 2021 జూన్‌లో నదినే ఆ వైపుకు మళ్లించారు. పూర్తిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. నిండితే 194 టి.ఎం.సీ.లకు పైగా నిలవ. మా తాతల నాటి పేరు మనుమల నాటికి గోడగా లేచింది. ఆ గోడ వెనుక నీరు ఎక్కడికి పోతుందనే సంగతి కాసేపటిలో చెబుతాను.

అడవితల్లి ఇంటికి

బుట్టాయిగూడెం దాటితే అడవి మొదలవుతుంది. అడవి లోపల గుబ్బల మంగమ్మతల్లి వున్నది. బండల మీద నుంచి జారే నీళ్లు, రాతిగుహ, ఆ గుహలో తల్లి. కోయలు, కొండరెడ్లు కొలిచే ఈ తల్లి దగ్గరికి ఇప్పుడు పల్లపు ప్రాంతాల నుంచి కూడా కార్లు కట్టుకొని వస్తున్నారు. ఆదివారం, మంగళవారం రద్దీ ఎక్కువ. పొద్దుగూకే లోపల అందరూ అడవి దాటి రావాలి. చీకటి పడితే అది తల్లి వేళ అని అక్కడివారి నమ్మకం. అటవీశాఖవారి నియమమూ ఇంచుమించు అదే కనుక, భక్తులూ చట్టమూ ఒకే మాట మీద వున్న అరుదైన చోటు ఇది.

బుట్టాయిగూడెంలో బస్సు ఆగినప్పుడు పిల్లలకు ఒక సంగతి చెప్పండి. కొరుటూరుకు చెందిన కారుకొండ సుబ్బారెడ్డి అనే కొండరెడ్డి నాయకుడు ఇంగ్లీషువారి మీద తిరగబడ్డాడు. 1858లో ఆయనను ఈ వూళ్లోనే ఉరితీశారు. అల్లూరి సీతారామరాజు మన్యంలో విల్లు ఎత్తడానికి అరవై ఏళ్లకు పైగా ముందటి మాట ఇది. ఉత్తరాదిని సిపాయిల తిరుగుబాటు చరిత్ర చదివే మన పిల్లలకు, అదే రోజుల్లో తమ వూరి పక్కన జరిగింది తెలియకపోతే ఎలా?

పాపిడి తీసిన నది

చివరిది, అన్నిటికంటె పెద్దది, పాపికొండలు. గోదావరి రెండు కొండల వరుసల నడుమ సన్నగా, వంకరగా సాగుతుంది. ఆడవారి తలమీద పాపిడిలా వున్నది కనుక పాపిడికొండలని, అవే పాపికొండలయినవని పెద్దలు చెబుతారు. ఒకప్పుడు రాజమహేంద్రవరం నుంచి భద్రాచలానికి లాంచీల మీదే వెళ్లేవారు. బియ్యం బస్తాలు, కోళ్లగంపలు, పెళ్లివారు, భక్తులు అందరూ ఒకే లాంచీలో. 1973లో బాపు తీసిన అందాలరాముడు సినిమా అలాంటి ప్రయాణమే.

పోలవరం దగ్గర నదికి అడ్డం పడ్డాక దిగువ రేవుల నుంచి లాంచీలు పైకి పోవడం లేదు. ఎడమ ఒడ్డున గండిపోచమ్మ ఆలయం దగ్గర ఎక్కాలి. కనుక కుడి ఒడ్డున వున్న మేము, కొవ్వూరు దగ్గర వంతెన దాటి, రాజమహేంద్రవరం మీదుగా చుట్టు తిరిగి పోవాలి. పొరుగింటికి ఊరంతా తిరిగి వెళ్లినట్లు! అందుకే ఈ ఒక్క ప్రయాణానికి మాత్రం తెల్లవారకముందే బయలుదేరాలి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారికి పోచవరం రేవు వున్నది.

లాంచీ కదిలిన కొద్దిసేపటికి మాటలు ఆగిపోతాయి. రెండు పక్కలా వెదురు, టేకు, పేరు తెలియని పచ్చదనం. మలుపు తిరిగినప్పుడల్లా ఎదుట కొండ అడ్డం వచ్చి, నది ఇక్కడితో అయిపోయిందనిపిస్తుంది. లాంచీ దగ్గరికి పోయేసరికి కొండ పక్కకు జరిగి దారి ఇస్తుంది. ఈ అడవిని 2008లో జాతీయవనంగా ప్రకటించారు. పేరంటపల్లిలో దిగితే, బాలానందస్వామి స్థాపించిన రామకృష్ణ మునివాటం, శివాలయం, పక్కన గలగల పారే సెలయేరు. కొండరెడ్డి ఆడవారు వెదురు పూలబుట్టలు, పడవలు, పిల్లనగ్రోవులు అమ్ముతుంటారు. బేరం ఆడకండి. పట్నంలో కాఫీకి ఇచ్చేపాటి డబ్బుకు ఒక పూట చేతిపని వస్తుంది.

ఒకసారి మాతో వచ్చిన పిల్లల్లో ఈ నది ఒడ్డునే పుట్టిన అమ్మాయి ఒకతె వున్నది. లాంచీ పైకి వెళుతున్నంతసేపూ తోటిపిల్లలు ఫోటోలు తీసుకొంటున్నారు. ఆమె మాత్రం కమ్మీ పట్టుకొని ఒకే వైపు చూస్తున్నది. కాసేపటికి నీళ్లమీదికి వేలు చూపి, "మా బడి అక్కడండీ" అన్నది. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. పైన ఒక తాటిచెట్టు మోడు మాత్రం కనిపించింది. "ఆ తాటిచెట్టు కింద గంట కట్టేవారండీ" అన్నది. ఫోటోలు తీసుకొనేవారు ఆగిపోయారు. ఎవరో ఆమెకు జామకాయ ఇచ్చారు. మళ్లీ మాటలు కలవడానికి చాలాసేపు పట్టింది.

ఆనకట్ట వెనుక నీరు పోయేది ఇక్కడికే. నది ఒడ్డు పల్లెలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. మా మండలంలోని తాడువాయి వంటి చోట్ల పునరావాస కాలనీలు కట్టారు. వరుసగా ఒకేలాంటి ఇళ్లు. ఇల్లు వచ్చింది, కరెంటు వచ్చింది. వెదురు లేదు, ఏరు లేదు, జీలుగుచెట్టు లేదు. చేపలు పట్టడం తెలిసిన చేతులు కూలిపని వెతుక్కొంటున్నాయి. ఆనకట్ట వద్దని నేను అనడం లేదు. నీరందక బీడుపడ్డ చేల రైతుల పిల్లలు కూడా నా తరగతిలోనే కూర్చుంటారు. ఒకే బెంచీ మీద ఆ ఇద్దరూ వున్నారు. ఒకరికి నీరు వస్తున్నది, మరొకరి వూరు పోతున్నది. పాపికొండలు చూడటానికి వచ్చేవారు ఆ రెండో సంగతి కూడా తెలుసుకొని లాంచీ ఎక్కాలని మాత్రం నా కోరిక. జలాశయం పూర్తిగా నిండిన రోజున కొండలు ఎక్కడికీ పోవు. కాని నీరు పైకి వచ్చి, ఒడ్డు మారి, ఈ పాపిడి ఇప్పటికంటె వెడల్పు అవుతుంది. ఇప్పుడున్నట్లు చూడదలచినవారు వాయిదా వేయకండి.

వెళ్లేముందు నాలుగు మాటలు

లాంచీ ప్రయాణానికి కార్తికం నుంచి మాఘం దాకా మంచికాలం. వరదరోజుల్లో ఎవరు రమ్మన్నా పోరాదు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద వున్నప్పుడు, కచ్చులూరు మలుపులో ఒక లాంచీ మునిగి పదుల మంది యాత్రికులు మరణించారు. ఆదివారం సరదాకు బయలుదేరిన కుటుంబాలవి. ఆ తర్వాత రేవుల్లో కంట్రోలు రూములు వచ్చాయి, తనిఖీలు పెరిగాయి. అయినా మన జాగ్రత్త మనదే. లైఫ్ జాకెట్టు ఇస్తే ఉక్కగా వున్నదని తీసి ఒళ్లో పెట్టుకొనేవారిని చూస్తూనే వుంటాను. అది ఒళ్లో పెట్టుకొనే దిండు కాదు. పిల్లలకు కట్టి, తర్వాత మీరు కట్టుకోండి. లాంచీ నిండిపోయిందంటే, ఇంకొకరిని ఎక్కించుకోమని సరంగును బతిమాలకండి. వరద వలన లాంచీలు ఆపామంటే కోప్పడకండి. ఆపినవారు మన మేలుకోరేవారే.

గుంటుపల్లికి, పట్టిసానికి చలికాలం ఉదయాలు హాయి. గుబ్బల మంగమ్మ దారి వానాకాలంలో వాగులు పొంగి తెగిపోతుంది కనుక కనుక్కొని బయలుదేరాలి. భోజనం స్టీలు కారియర్లలో తీసుకువెళితే అడవిలో ఆకులు తప్ప మరేమీ మిగలదు. ప్లాస్టిక్ సీసాలు తెచ్చినవారు వాటిని తిరిగి తెచ్చుకోవాలి. ఖాళీ సీసా నిండు సీసా కంటె తేలికే కదా! గుహలలోనూ గుడి ప్రాంగణాలలోనూ గోడలమీద రాతలు వద్దు. గూడేలలో ఇళ్ల ముందు నిలబడి, అడగకుండా ఫోటోలు తీయవద్దు. మీ వాకిట్లోకి కొత్తవారు వచ్చి మీ ఇంటి ఆడవారిని ఫోటో తీస్తే మీరు ఊరుకొంటారా?

పిల్లలను తప్పక తీసుకువెళ్లండి. ప్రతి చోటా వారు ఒక ప్రశ్న అడుగుతారు. వాసాలెందుకు, కాలువ ఏరెలా అయింది, బడి నీళ్లలో ఎందుకున్నది? అన్నిటికీ జవాబు తెలియనక్కరలేదు. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కొని, వేడివేడి అన్నంలో పచ్చడి కలుపుకొంటూ ఆ ప్రశ్నల మీద మాట్లాడుకోవచ్చు. మళ్లీ సెలవులకు మిగిలిన చోట్లు వుండనే వున్నాయి. మా వూరి బస్సులు పొద్దున నాలుగున్నరకే కూత పెడతాయి. రండి.